మూడు గాట్లు

ఆ గుత్తిలోంచి ఏరకు గుంటడా,
అవి పిట్టలకి.
నువ్వు చెప్పినది పంది.
పుట్టాసింగి దిగువన మొక్కజొన్న మడి
సగం బొర్లించి పోయిందన్నావు కదా.
అయితే ఇలా కూకో. తిత్తి తాడు పట్టుకో,
ఊదుతూ విను.

ఇది లారీ కమాను పట్టీ.
రాయగడ తోవలో బోల్తాపడిన లారీది,
తూకానికి కొన్నాను.
ఏళ్ల తరబడి సిమెంటు మోసిన ఇనుము,
వంగుతుంది గాని విరగదు.
రేకు అలుగులు కావాలా, సాహు కొట్లో ఉన్నాయి,
పది రూపాయలకి రెండు, మెరుస్తాయి కూడా.
ఎముక తగిలితే నాలుకలా మడత పడతాయి.

ముందు కర్ర చూడు.
అందరూ అలుగే చూస్తారు
పెళ్లిచూపుల్లో ముక్కుపుడకని చూసినట్టు.
ఈ వెదురు పొయ్యి మీది అటక మీద
ఒక వానాకాలమంతా పొగ తాగింది.
గోరు మీద పెట్టి తిప్పు. వణికిందా, పారేయి.
వంకర కర్ర పక్కకి ఈడ్చుకుంటూ పోతుంది,
దాని బలమంతా తోవలోనే అయిపోతుంది.

తేలిక బాణం వడిగా పోతుంది, నిజమే.
కుర్రాళ్లకి ఆ చప్పుడిష్టం.
పంది జబ్బ మీద బురదా జిగురూ ఎండి
పెంకు కట్టి ఉంటుందిరా,
తేలికది తలుపు తట్టి వచ్చేస్తుంది.
బరువుది నిమ్మళంగా పోతుంది,
లోపలికెళ్లి కూకుంటుంది.

మీ తాత రావాకంత అలుగు అడిగేవాడు.
నెత్తురు జాడ బాగా పడుతుంది, ఒప్పుకుంటాను.
పక్కటెముకల నడుమ దూరాలంటే మాత్రం
వేపాకే.
రెండంచులు చాలు. మూడోది నువ్వు సాన పట్టలేవు.
ముంజేతి మీద గీసి చూడు, వెంట్రుక రాలిందా?
రాలకపోతే అది అలుగు కాదు, మేకు.

గరికి రాబందు ఈక ఎక్కడ తెచ్చేది?
నా పెళ్లప్పుడు వంశధార ఇసకలో గుంపులుగా దిగేవి.
ఇప్పుడు పెద్దబాతు ఈకలే గతి.
గుణుపురం మిల్లు గుమస్తా పెంచుతాడు,
ఒక్కో రెక్కకీ బేరమాడతాడు.
మూడీకలూ ఒకే రెక్కవి కట్టాలి.
ఎడమా కుడీ కలిపావంటే
బాణానికి రెండు మనసులు.

ఆ గోడ మేకుకి వేలాడేది అమ్మను.
ముట్టుకోకు.
సరే, తీసి చూడు.
మొదట్లో మూడు గాట్లున్నాయి కదూ,
మా అయ్య అప్పలాచారి గుర్తు, తరవాత నాది.
పెళ్లైన ఏడు నేను చేసిన అలుగు. సన్నది, తేలికది.
పనసపండు ఇచ్చి ఎవరో పట్టుకెళ్లారు.
నాలుగేళ్లకి మీ సోంబారు మావ
పందిని కోస్తుంటే దాపటి జబ్బలో దొరికింది.
చుట్టూ తెల్లటి కండ, సంచీ కుట్టినట్టు.
కీలులో కదిలి కదిలి
పక్క ఎముక గిన్నెలా అరిగిపోయింది.
నాలుగు వానలు అది నా ఇనుము మోసుకు తిరిగింది,
కుంటుకుంటూ, మేస్తూ,
పిల్లల్ని ఈనుకుంటూ.

సోంబారు ఏట్లో కడిగి తెచ్చాడు.
"నీది" అన్నాడు. అంతే.
టీ తాగమంటే తాగలేదు.

ఆ వారం చేసినవన్నీ మళ్లీ కొలిమిలో పెట్టాను.
సంతకి ఏటి పట్టుకెళ్తామని మా ఆయన
రాత్రంతా తిట్టాడు.
తిట్టనీ.

ఏడు అడిగావు, రెండే ఇస్తాను.
మిగతా కర్రలింకా పచ్చి.
దగ్గరికి వెళ్లు, గాలి నీ మొహానికి తగలాలి.
అది పక్కకి తిరిగినప్పుడు, జబ్బ వెనక.
ఎదురుగా చూస్తోందా, అల్లెతాడు దించెయ్యి.
తిరక్కపోతే మొక్కజొన్న తిననీ,
అది మడి, నీ పరువు కాదు.

డబ్బులిప్పుడొద్దు.
పంది దొరికాక అలుగు తెచ్చి చూపించు, అప్పుడు.
తగిలీ దొరకలేదంటే
చీకటైనా సరే వచ్చి చెప్పు,
నెత్తురు ఏ పొద దగ్గర ఆగిపోయిందో చెప్పు.
కొలిమి కప్పేసి, లాంతరు పట్టుకుని
నేనూ వస్తాను.

తిత్తి ఆపేశావేం?
ఇంకా ఎర్రబడలేదు. ఊదు.