సీసా మీద చీటీ

రేపు తొమ్మిదింటికి నా తొలి క్లాసు.
సిరొంచలో కరెంటు పోయి గంటైంది.
ఫోను లైటు కింద మరాఠీ పుస్తకం తెరిచి
అవతలి ఒడ్డున తెలుగులో నేర్చిన రసాయనశాస్త్రాన్ని
ఇవతలికి దాటిస్తున్న.

మొదటి పేజీలోనే మునిగిన.

మంచిర్యాలలో, మేనమామ ఇంట్ల ఉండి చదివేటప్పుడు
మా సారు చెప్పిండు:
చిన్నది పరమాణువు,
అవి రెండో మూడో చేతులు పట్టుకుంటే అణువు.
ఇక్కడి పుస్తకంలో ఆ చిన్నదాని పేరే అణు.
చేతులు పట్టుకున్నది రేణు.
రేణువంటే నేనెరిగింది
మిరప కల్లంలో కండ్లల్ల పడే దుమ్ము.

అప్పుడు నాటుపడవ మీద పొద్దంతా పట్టేది,
ఇప్పుడు ప్రాణహిత మీద బ్రిడ్జిని
బస్సులో పాట సగం కాకముందే దాటేస్తం.
అంత చిన్న దూరంలోనే ఒక మాట
అక్క ఇంట్లోంచి చెల్లె ఇంటికి పోయి
చెల్లె గౌను తొడుక్కున్నది.
పట్టిందా అంటే, పట్టింది.

నలభై ముగ్గురు పిల్లలు.
ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ.
వెనక బెంచీల మీద హాస్టలు మాడియా పిల్లలు,
వాళ్లకు ఈ రెండూ పక్కింటి భాషలే.
నీళ్లు అని మొదలుపెట్టాల్నా, పాణి అనాల్నా?
వాళ్లు నీళ్లను ఏర్ అంటరట.
మనం ఏరు అని ఊరి బయట పారించేదాన్ని
వాళ్లు గ్లాసులో పట్టుకొని తాగుతరు.
ఇది రాసుకున్న, సిలబస్‌లో లేకున్నా.

పొద్దున ల్యాబు చూసొచ్చిన.
ల్యాబంటే బియ్యం సంచుల గది.
తాళంచెవి వెతకడానికే పోచంకు అరగంట.
వత్తి లేని దీపం ఒకటి,
అంచు పగిలిన బీకరులో బల్లి గుడ్లు,
అలమారలో పదకొండు సీసాలు.
చీటీలన్నీ చెదలు చదువుకున్నయి.
"ఇవన్నీ గేడాం సారువి మేడం.
గా చివరిది ముట్టకుండ్రి,
మూత తీసిన్నాడు సారుకు మూడ్రోజులు దగ్గు."
చూస్తే మంచినీళ్ల లెక్కనే ఉంది.
మంచినీళ్ల లెక్క ఉన్నదానికి భయపడుడే
నా సబ్జెక్టు మొదటి పాఠమేమో.

సాయంత్రం నోటుబుక్కు పేజీలు చింపి
పసుపునీళ్లల్ల ముంచి దండెం మీద ఆరేసిన.
"ఎవరి పెండ్లే?" అన్నది నానమ్మ.
ఆమె తమలపాకుల డబ్బాలోంచి
గోరంత సున్నం తీసి రాస్తే
పసుపు కాగితం ఎర్రగ సిగ్గుపడ్డది.
నేను గొప్పగ చూసిన.
నానమ్మ నవ్వలేదు.
"పారాణి కదనే. గిది చెప్పేటందుకు
తాసుకు ఇంతని పైసలిస్తరా నీకు?"
ఇస్తరు నానమ్మా, మూడు నెలలకొకసారి.
"మరి నాకు?"

అద్దం ముందు నిలబడి
మొదటి వాక్యం ఏడు తీర్లుగ అన్న.
ఎనిమిదోసారి గొంతు సారు గొంతైంది,
నాకే నవ్వొచ్చింది.
ఎవడన్న లేచి
"మేడం, మీరు దాన్ని చూసిన్రా?" అంటే?
చూడలేదు.
గాలిని ఎట్ల నమ్ముతమో గట్లనే, అని చెప్తనా?
గాలి కనీసం దండెం మీద కాగితాలు కదుపుతున్నది.

పదిన్నరకు కరెంటొచ్చింది.
పుస్తకం మూసి ఒక తెల్ల చీటీ కత్తిరించిన,
ఆ చివరి సీసా కోసం.
అన్నం మెతుకుతో అంటించొచ్చు.
మొదటి లైన్ల రాసిన: తెల్వదు.
రెండో లైన్ల: మాహీత్ నాహీ.
మూడో లైను దగ్గర పెన్ను ఆగింది.
ఈ మాటను మాడియాలో ఏమంటరో
నాకు తెల్వదు.

గీత గీసి ఖాళీగ వదిలిన.
రేపు వెనక బెంచీల నుంచి
ఎవరన్న వచ్చి నింపాలె,
లాలు తలండో, ఇంకెవరో,
పేర్లు రిజిస్టర్ల చదివిన గని మొఖాలు తెల్వయి.
నింపేదాకా నేను బెంచీ మీద కూసుంట.

సీసా అలమార అద్దం వెనకనే ఉంటది.
మూత మాత్రం
ఎవ్వరం తియ్యం.