వీడు కాదు

శుక్లాలు తీయడానికి కొరియా నుంచి
దలన్‌జద్గద్ వచ్చిన డాక్టరు
చీటీ మీద పేరు చూసి అర్థమేమిటన్నాడు.
ఎనెబిష్. "వీడు కాదు" అని చెప్పాను.
"మరి రోగి ఎవరు?"
ఆయన కలం గాల్లోనే ఆగింది.

మా తాతకు ముందు ముగ్గురు పోయారట.
బంగారమని ఒకడు, ఉక్కని ఒకడు.
నూరేళ్ళని పేరు పెట్టుకున్న పిల్లయితే
నెల తిరక్కుండానే.
నాలుగో కాన్పప్పుడు ముత్తవ్వ
గుడారం తలుపు ఓరగా తీసి
చీకట్లోకి అబద్ధమాడింది:
మీరు వెతికేవాడు వీడు కాదు.

వచ్చినవాళ్ళు నమ్మారు.
ఎనభై ఒక్క ఏళ్ళుగా నమ్ముతూనే ఉన్నారు.

బళ్ళో హాజరుకు ఆ అబద్ధమే పనికొచ్చింది,
మేకబొచ్చు తూచి డబ్బులిచ్చే షావుకారు పద్దుకూ,
తప్పతాగి మోటారుసైకిలు వాగులో పడేసిన రాత్రి
పోలీసు రాసుకోడానికీ.
అవ్వ మాత్రం ఒక్కనాడూ ఆ పేరు పలకలేదు.
"ఓయ్" అనేది, ఉప్పుటీ గిన్నె చప్పుడు చేస్తూ.
ఆమె పోయాక
పొగగొట్టంలో గాలి హోరెత్తితే చాలు
"ఆఁ" అని తల తిప్పేవాడు.

ఇవాళ కట్టు విప్పారు.
తాత ముందు గోడను చూశాడు, తర్వాత నన్ను,
ఆ తర్వాత నర్సు పట్టుకున్న అద్దంలో
ఎవరో ముసలాణ్ణి, చాలాసేపు.
"ఎవరట?" అన్నాడు డాక్టరు.
నేను నోరు తెరిచేలోగా
తాత తలుపు వైపు ఒకసారి చూసుకుని
నా చెవి దగ్గరకు వంగాడు:

"వీడే.
పైకి అనకు."