గుర్రం సంగతి

టాలిన్‌లో తెల్లవారుజాము మూడున్నర.
కోప్లి ట్రామ్ డిపోలో, డ్రైవర్ల గదిలో
తొమ్మిదో సంపుటం ఆఖరి పేజీ తిప్పింది హెల్వి.
ఇంకేమైనా మిగిలిందేమోనని
అట్ట లోపలివైపు కూడా చూసింది.
ముద్రాపకుల చిరునామా ఉంది.

ఇరవై రెండేళ్ళు.
మొదటిది కొన్ననాడు కళ్ళజోడు లేదు,
తార్మో ఉన్నాడు.
ఒకే పుస్తకం మీద రెండు తలలు.
అతను నెమ్మది. ఈమె ఆగలేక
పేజీ మూల బొటనవేలితో నలుపుతూ ఉండేది.
విడిపోయినప్పుడు
మంచం, పడవ, అప్పు, అన్నీ మాట పడకుండా తెగాయి.
పుస్తకాల దగ్గరే గొంతులు లేచాయి.
నాలుగు దాకా అతనికి, ఐదోది ఈమెకి.
ఆ పైవి ఎవరివి వాళ్ళు కొనుక్కోవాలి.

ఏడోదానికీ ఎనిమిదోదానికీ మధ్య
కళ్ళు కాయలు కాశాయి.
రచయిత దగ్గాడని వార్త వస్తే
ఈమెకి జ్వరం వచ్చినంత పనయ్యేది.

సరే, అయింది.
గుడ్డి రాణి కిరీటం దించి
తేనెటీగలు పెంచుకోడానికి వెళ్ళిపోయిన చోట
హీటరు పక్కన కూర్చుని, చేతి తొడుగుతో
ముక్కు తుడుచుకుంది హెల్వి.
రెండో సంపుటంలో ముసలి పడవవాడు పాడిన పిచ్చిపాట
ఇక్కడ తాళంచెవిలా తిరిగింది.
అబ్బ, ఆ చప్పుడు!
ఆ ఒక్కదానికే ఇరవై రెండేళ్ళూ ఇచ్చెయ్యొచ్చు.

కానీ మూడొందల పేజీలు నడిచి వెళ్ళిన సైన్యానికి
శత్రువు మెట్ల మీద జారి చచ్చిపోయి దొరికాడు.
అర పేజీ.
కొండను తవ్వి ఎలుకను పట్టడం, అదీ చచ్చిన ఎలుకను.

అదైనా మింగొచ్చు.
మూడో సంపుటంలో, గడ్డకట్టిన ఏటి ఒడ్డున
ఒంటిచెవి గుర్రాన్ని విల్లో చెట్టుకి కట్టి
"రేపొస్తా" అన్నాడు కుర్రాడు.
ఆ కుర్రాడు రాజయ్యాడు, పెళ్ళాడాడు,
ముగ్గురు పిల్లలకి పేర్లు కూడా పెట్టాడు.
ఏరు కనబడిన ప్రతిసారీ హెల్వి
చదవడం ఆపి అవతలి ఒడ్డు చూసేది.
కథ కంచికి వెళ్ళింది.
గుర్రం అక్కడే ఉంది.

నాలుగూ నలభైకి మొదటి ట్రామ్.
పట్టాల మీద కొత్త మంచు.
మెట్టెక్కబోతుంటే జేబులో ఫోను వణికింది.
పదకొండేళ్ళ తర్వాత, తార్మో.
పలకరింపు లేదు, క్షేమసమాచారం లేదు:
"మరి గుర్రం?"

తొడుగు పళ్ళతో లాగి, చలికి కొయ్యబారిన వేలితో కొట్టింది:
"నాలుగోదాంట్లో ఓసారి వెతుకు.
అది నీ దగ్గరే కదా ఉంది."