ఇరవై మూడో చొక్కా

శనివారం వాళ్ళు మా కుర్రాళ్ళని ఉతికి ఆరేస్తారు.
ఆదివారం నేను మళ్ళీ ఉతికి ఆరేస్తాను.
మధ్యలో ఒక రాత్రి, ఒక పాత బస్సు,
నాలుగు మూటలు.

ఈ గని ఊళ్ళో నన్ను బానా చోలా అంటారు,
చోలా వాళ్ళ అమ్మని.
చోలాకి బంతాట గిట్టదు, వెల్డింగు పనికి పోతాడు.
నిజం చెప్పాలంటే ఆట నాకూ తెలియదు.
ఆఫ్‌సైడ్ అంటే ఏమిటని పదహారేళ్ళుగా అడుగుతున్నాను,
చెప్పినవాడల్లా ఒక్కోలా చెప్పాడు.

లీగు మాత్రం తెలుసు.
మరక చూసి చెప్తాను ఎక్కడాడి వచ్చారో.
సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళ మైదానమైతే
మేజోళ్ళ మడతల్లో తెల్లటి పిండి.
చెరకు తోటల ఊరి నుంచి మసి.
జాంబేజీ వైపు ఇసుక
జేబుల్లేని నిక్కర్లలోకి కూడా ఎలాగో దూరుతుంది.
సైన్యం వాళ్ళ దగ్గర గడ్డి బాగా పెంచుతారు,
అక్కణ్ణుంచి పచ్చ మరకలూ, చిరిగిన కాలర్లూ.
లుసాకా నుంచి ఏమీ రాదు.
అక్కడ మా వాళ్ళకి బంతే అందదు,
ఇక కింద పడేదెప్పుడు?

రొమ్ము మీద ముందు గని పేరుండేది.
రాగి ధర పడింది, గని తన పేరు తను తీసుకుపోయింది.
ఇస్త్రీ పెట్టె వేడికి అక్షరాలు ఊడి వచ్చాయి,
వాటి నీడలు రాలేదు.
దాని మీద కోళ్ళ దాణా కంపెనీ.
దాని మీద ఫోన్ల వాళ్ళు, సగం సీజను.
ఇప్పుడెవరూ లేరు.
తడి చొక్కాని ఎండకెత్తి చూడండి,
మూడు పేర్లూ ఒకదాన్నొకటి తొక్కుకుంటూ కనిపిస్తాయి.

మూడు నెలలుగా జీతాల్లేవు, వాళ్ళకీ నాకూ.
కెప్టెన్ చిసెంగా ఒకసారి సబ్బు కొనిచ్చాడు.
గోలీ తన గ్లవ్స్ తనే ఉతుక్కుంటాడు,
నేను ముట్టుకుంటే అదృష్టం నీళ్ళలో పోతుందట.
పద్దెనిమిది జట్లలో పదిహేనో చోటు మాది.
కింది నలుగురూ దిగిపోవాలి.
ఏ అదృష్టాన్ని దాచుకుంటున్నాడో!

ఇరవై మూడో చొక్కా సంగతి.
అది ప్రతివారం వేసిన మడత వేసినట్టే వస్తుంది.
కపెంబ్వాది. పందొమ్మిదేళ్ళు. బెంచీ చివర కూర్చుంటాడు.
చెమట లేదు, మట్టి లేదు,
బస్సులో తిన్న వేరుశనగల పొట్టు తప్ప.
నీళ్ళు దండగ కదా అంటుంది మా తోడికోడలు.
దండెం మీద అదొక్కటే లేకపోతే
ఆ దారిన పోతూ చూస్తాడు కదా వాడు.

మే నెల. కరెంటు వాళ్ళ జట్టుతో ఆఖరి ఆట.
డ్రా అయితే చాలు.
బార్బర్ షాపు రేడియో చుట్టూ వీధంతా ఉంది.
డెబ్బయ్యో నిమిషంలో కరెంటు పోయింది.
కాసేపు ఎవరూ నవ్వలేదు.
తర్వాత ఆపుకోలేకపోయాం.

ఫలితం మాకు బస్సు చెప్పింది,
హారన్ కొట్టకుండా వచ్చి.

మూటలు విప్పాను. తొమ్మిది, పది, నాలుగు,
ఎప్పటి దుమ్మే.
ఇరవై మూడు: ఎడమ భుజం మీద పచ్చగా ఒక గీత,
నా చూపుడు వేలంత.
ఎనభై ఎనిమిదో నిమిషంలో దింపారట.
రెండుసార్లు బంతి తాకాడట, ఒకసారి పడ్డాడట.

సాయంత్రం కంచె అవతల నిలబడ్డాడు.
"బానా చోలా, దాన్ని ఉతక్కు."
క్లబ్బు వస్తువు నాయనా, లెక్క అప్పజెప్పాలి అన్నాను.
తల ఊపాడు. పోలేదు.
వాడి ముందే నానబెట్టాను, రుద్దాను.
గడ్డి మరక మొండిది.
ఎంత గట్టిగా రుద్దానో మాత్రం
అడక్కండి.

ఆగస్టు నుంచి కింది డివిజన్.
ఆ ఊళ్ళ మట్టి నేనెరగను,
ఎరుపో, నలుపో, జిగురో.
మేనేజరుని రెండు సబ్బులు ఎక్కువ అడిగాను.
చూద్దాం అన్నాడు.