కొలిచినవారు

ఫైలు పేరు ‘ఆకులు, చివరిది’.
దాని పక్కనే ‘చివరిది రెండు’ ఉంది,
‘నిజంగా చివరిది’ కూడా ఉంది.
తొమ్మిదేళ్లు అందులో పడుకున్నాయి
రెండువేల మూడువందల వరసలుగా.

మార్చిలో ఒక ఉత్తరం వచ్చింది.
ముక్కూమొహం ఎరగని మనిషి, ఏదో చలిదేశం.
ఎండ ముదిరితే ఏ ఆకు మందమెక్కుతుందో
ఏ చెట్టు ముందుగా చేతులెత్తేస్తుందో
లోకంలోని ఆకుల్నన్నీ ఒకచోట పరిచి చూస్తారట.
వాళ్ల పటంలో మన రాళ్లగుట్టల దగ్గర
తెల్లగా ఒక చిల్లు ఉందట.
మీ దగ్గర ఉన్నాయని విన్నాం, ఇస్తారా?

పక్కింటివాళ్లు గిన్నె చాపి
చక్కెర అడిగినట్టే ఉంది.
నాకు మాత్రం
ఖాజాగూడ గుట్టమీద గచ్చపొద చీరిన మోచెయ్యి గుర్తొచ్చింది,
మౌలాలి ఎండకు కళ్లు తిరిగి
తునికి కింద కూలబడ్డ మధ్యాహ్నం గుర్తొచ్చింది.
మా సారన్నారు: ఇంకో రెండు పేపర్లు రానీ, తొందరేముంది.
నిజమే, తొందరేముంది.
మూట ముడి ఇంకొంచెం బిగించాను.

ల్యాబులో తూకం ఫసీయుద్దీన్ సాబ్‌ది.
నేను తెచ్చిన తడిగుడ్డ విప్పి
ఒక్కో ఆకునీ అద్దం పలక మీద పరిచేవాడు
నిద్రపోతున్న పసివాడి చెయ్యి సర్దినట్టు.
‘జల్దీ అమ్మా, ఆకు చాయ్ లెక్క కాదు,
చల్లారితే మళ్ల గరం చెయ్యనీకి రాదు.’
తడి బరువు. వైశాల్యం.
మూడు రోజులు ఓవెన్లో. పొడి బరువు.
పాలకొడిశ ఎంత పల్చనో, తునికి ఎంత మొండిదో
ముల్లు నిలవకముందే ఆయన వేళ్లకు తెలిసేది.
ఒకసారి రాత్రి కరెంటు పోయి ఓవెన్ ఆగిపోతే
ఆ గడి ఖాళీగా వదిలేశాడు.
నేను సున్నా వెయ్యబోయాను. పెన్ను లాక్కున్నాడు.
‘సున్నా అంటే బరువే లేదని.
బరువు ఉంది. మనకే తెల్వదు.’

ఆగస్టులో గుట్టకి మళ్లీ వెళ్లాను,
నలభైయేడో నంబరు, ఉడుగ చెట్టు,
మాను చుట్టుకొలత ఒకసారి సరిచూద్దామని.
జీపీఎస్ నన్ను సరిగ్గానే చేర్చింది:
రెండో సెల్లారు, పన్నెండో పిల్లరు.
ఎవర్ని కలవాలి మేడమ్, అన్నాడు గార్డు కుర్రాడు.
నోటికొచ్చింది చెప్పేశాను, ఉడుగ అని.
పాపం, రిజిస్టరంతా తిరగేశాడు.
ఆ పేరుతో ఓనరెవరూ లేరన్నాడు,
టెనెంటు కావచ్చేమో, ఫోన్ నంబరుందా అన్నాడు.

ఆ రాత్రి నలభైయేడో వరస తెరిచాను.
ఆకు వైశాల్యం ముప్పైయొక్క చదరపు సెంటీమీటర్లు.
పొడి బరువు పావు గ్రాము, కొంచెం పైన.
చిగురు మార్చిలో, అని నా కొక్కిరి రాత.
ఆ చెట్టుకిక మిగిలిన జాగా ఇదే,
ఇదీ నా పాస్‌వర్డ్ వెనక.
సారు మాట ఎన్నిసార్లు తలుచుకున్నా
తలుపు వెయ్యడానికి చాల్లేదు.

వారం రోజులు దుమ్ము దులిపాను.
గ్రాముల్లో కలిసిపోయిన మిల్లీగ్రాములు,
రెండు పేర్లతో తిరుగుతున్న ఒకే చెట్టు,
ఒకే పేరు పంచుకున్న రెండు చెట్లు.
వాళ్ల పట్టిక చివర ఒక నిలువు గడి: కొలిచినవారు.
నా పేరు రాసి, మూల పట్టుకుని
కిందదాకా ఒక్క గుంజు గుంజాను.
నలభైయేడు దగ్గర వేలు ఆగింది.
వెనక్కొచ్చాను.
బరువులున్న ప్రతి వరసలోనూ రాశాను, ఫసీ.
ఖాళీ గడుల్ని ఖాళీగానే ఉంచాను.
పంపేశాను.

పది రోజులకి చలిదేశం నుంచి
కృతజ్ఞతలు, కింద ఒక సందేహం:
ఫసీ అనే పరికరం ఏ కంపెనీది?
ఎంతవరకు నమ్మొచ్చు?

యాకుత్‌పురా ఇరుకు మెట్లెక్కి
ఆయనకి చదివి వినిపించాను.
దగ్గొచ్చేదాకా నవ్వాడు,
అద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు.
‘రాయమ్మా. మోడల్ పాతది.
ఒక కన్నుకు ఆపరేషన్ అయింది.
ఇంకా పనిచేస్తది.’

అలాగే రాశాను.
గ్రాములో వెయ్యోవంతు దాకా, అని
నా తరఫున ఒక్కటి కలిపాను.