టీ త్రీ

నాలుగోరోజు కూడా చుక్క పాలివ్వలేదు.
ఏటిగట్టు మీద, టార్పాలిన్ కింద
చెంబు బోర్లించి కూర్చుంది గుత్తుల వరహాలమ్మ.
"జనపకట్ట వేసినా మూతి తిప్పుతోంది బాబూ,
దిష్టంటారా?"

మెడ నరంలో సూది గుచ్చాను.
ఐదు మిల్లీలీటర్లు,
గోదారి ఎర్రనీటి కంటే కాస్త ముదురు రంగు.

రాజమండ్రి నుంచి కాగితం వచ్చేసరికి
లంకలో నీళ్లు మోకాలి దాకా దిగాయి.
కార్టిజాల్ ఎక్కువ. టీ త్రీ తక్కువ.

ఎలా చెప్పను ఆవిడకి,
గొంతు కింద చిన్న గ్రంథి ఒకటుందనీ
ఒంట్లో పొయ్యి మంట చూసుకునేది అదేననీ
నాలుగు కాళ్లూ కట్టి పడవెక్కించిన రాత్రి,
దూడ అరుపు నీళ్ల మీద సన్నబడిన రాత్రి
మంట తగ్గించేసి కూర్చుందనీ?

"వరద దిగుతుందో లేదోనని
నువ్వు గిద్దెడు బియ్యమే వండలేదూ?
ఇదీ అంతే."

చాలాసేపు పలకలేదు.
"అయితే జబ్బు కాదు. పొదుపు."
ఆయ్, అన్నాను.

గుంజకి వేలాడుతున్న దూడ తలుగు,
ఇన్నాళ్లూ గోనెపట్టా కప్పి దాచింది,
తీసి గేదె మూతి దగ్గర పెట్టింది.
ముక్కుపుటాలు కదిలాయి.
నా కాగితంలో దానికి గడి లేదు.

పదహారోరోజు ఫోను.
"అరసోలెడు ఇచ్చింది బాబూ!
మీ టీ సంగతి నాకు తెలీదు గానీ
మా టీకి సరిపోద్ది."