ముడి

గుంతకల్లు స్టేషన్ దాటినాక మూడు హోటళ్లు,
ఒక పెళ్లిమంటపం.
మా అత్త కుళ్లాయమ్మ డబ్బాలు నిండేది ఆడనే.

కవర్లు, పుల్లలు, ఊరగాయ ఉప్పుముద్దలు
బియ్యంలో రాళ్లలెక్క ఏరేస్తాది.
ఆపైన గంటసేపు కుతకుత ఉడకాల్సిందే.
"పచ్చిది పోస్తివా, రోగం పోసినట్టే."

తవుడు ధర పెరిగింది.
చెనిక్కాయ చెక్క ముట్టుకుంటే కాలుతాది.
పత్తికొండలో ధర రాక
రోడ్డు పక్కన పారబోసిన టమోటాలు
మా ఆయన ఆటోకెత్తుకొచ్చినాడు.
ఎవరి నష్టమో
మా తొట్టిలో ఎర్రగా.

అమాసకొకసారి
పంది ముందుకాళ్ల ఎనక దారం చుట్టి
అందిన చోట ముడేస్తాది అత్త.
త్రాసు లేదు, లెక్క తప్పదు.
ఈ నెల ముడి నాలుగేళ్లు జరిగింది.

అదే పొద్దు అంగన్‌వాడీలో
నా బిడ్డ చేతికి పట్టీ చుట్టిరి.
ఎరుపు కాదులే, పసుపంట.

అత్త ఏమీ అనలేదు.
రాత్రి పొయ్యి వెలుగులో
ఆ దారమే పాప చేతికి చుట్టింది.
శానాసేపు పట్టుకోనుండె.
ముడేయలేదు.

తెల్లారి బేరగాడు రానేవచ్చె.
పెద్ద పంది బండెక్కింది.
గుడ్లు, బుడ్డలు, అచ్చు బెల్లం
తవుడు మూటకన్నా ముందే
గడప దాటినాయి.